నూనె అంటే నువ్వులు, ఆయిల్ అంటే ఆలివ్

మనలా పెద్దయ్యాక తెలుగు నేర్చుకునేవాళ్లకి 'నూనె' అనే మాట మొదటి వంద మాటల్లోనే వచ్చేస్తుంది. వంటింటి మాట కదా, చిన్నప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉంటుంది. అయితే ఆ చిన్న మాటలో రెండు మాటలు ఉన్నాయని నాకు ఈమధ్యే తెలిసింది. 'నూ' అంటే నువ్వులు. 'నె' అంటే నెయ్యి. నువ్వుల్లోంచి తీసిన నెయ్యి కాబట్టి నూనె. పాత రోజుల్లో నెయ్యి అంటే వెన్న కాచిన నెయ్యి ఒక్కటే కాదు, జిడ్డుగా ఉండేది ఏదైనా నెయ్యే.

మన పక్కింటి భాషలోనూ ఇదే కథ. తమిళంలో నువ్వుల్ని 'ఎళ్' అంటారు. 'ఎళ్', 'నెయ్' కలిస్తే 'ఎణ్ణెయ్', అంటే నూనె. సంస్కృతంలో నువ్వులు 'తిల', అందులోంచి వచ్చిందే 'తైలం'. ఒక దేశంలో ఇన్ని భాషలు నూనెకి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు నువ్వుల వైపే చూశాయి.

ఇప్పుడు ఇంగ్లీషు చూద్దాం. 'ఆయిల్' అనే మాట లాటిన్ 'ఓలెయుమ్' నుంచి వచ్చింది. దాని వెనక ఉన్నది గ్రీకు మాట 'ఎలాయా', అంటే ఆలివ్ చెట్టు. ఐరిష్ భాషలో నూనెని 'ఒల' అంటారు, అదీ లాటిన్ నుంచి వచ్చినదే. మేముండే చెర్రీవుడ్‌లో ట్రామ్ బోర్డులన్నీ ఇంగ్లీషులోనూ ఐరిష్‌లోనూ ఉంటాయి. ఆ రెండు భాషల్లోనూ నూనెకి ఆలివ్ పేరే. మా ఇంట్లో మాట్లాడే మూడో భాషలో నువ్వుల పేరు.

మాటల్ని అక్షరాలా చదివితే తమాషాగా ఉంటుంది. మనం 'ఆలివ్ నూనె' అన్నప్పుడు 'ఆలివ్ నువ్వుల నెయ్యి' అంటున్నాం. ఇంగ్లీషువాళ్లు 'సెసమి ఆయిల్' అన్నప్పుడు 'నువ్వుల ఆలివ్ రసం' అంటున్నారు.

నేను దీని గురించి ఇంత చదవడానికి కారణం మాటల మీద సరదా ఒక్కటే కాదు. పోయిన ఏడాది నాన్నకి గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఇంటికి వచ్చేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు: ఏం తినాలి, ఏం తినకూడదు. అందులో 'నూనెలు' అన్న చోట ఆలివ్ నూనె పేరు ఉంది, రేప్‌సీడ్ నూనె పేరు ఉంది. నువ్వుల నూనె మంచిదని గానీ చెడ్డదని గానీ ఎక్కడా లేదు. కాగితంలో లేదు కాబట్టి అమ్మ తన నువ్వుల నూనె సీసా తీసి పై అరలో పెట్టేసింది. ఆ ఏడాది ఆవకాయ పెట్టలేదు. నాన్న మాత్రం ఆలివ్ నూనెని మందులా అన్నిటి మీదా పోసుకోవడం మొదలుపెట్టారు. ఎవరిది సరైన లెక్క? అది తెలుసుకుందామని మొదలుపెడితే, చరిత్రలోకి వెళ్లాను.

నువ్వుల దేశం

నువ్వుల మొక్క శాస్త్రీయ నామం 'సెసమమ్ ఇండికమ్'. 'ఇండికమ్' అంటే భారతదేశానిది. మొదట సాగు చేసింది భారత ఉపఖండంలోనే అని వృక్ష శాస్త్రజ్ఞులు చెబుతారు. హరప్పాలో కాలిపోయిన నువ్వుల గింజలు దొరికాయి. వాటి వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటే. అక్కడి నుంచి నువ్వులు పడమటికి వెళ్లాయి. బాబిలోన్‌వాళ్లకి నువ్వుల నూనె తప్ప ఇంకో నూనె లేదని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీ.పూ. 5వ శతాబ్దంలో రాశాడు. ఆలివ్ దేశం నుంచి వచ్చినవాడు కాబట్టి అది అతనికి వింతగా కనిపించి ఉంటుంది.

క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం రేవుల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. దాన్ని 'పెరిప్లస్' అంటారు. పశ్చిమ భారతం నుంచి ఆఫ్రికా తీరానికి ఓడల్లో ఏమేం వెళ్లేవో అందులో ఉంది: గోధుమలు, బియ్యం, నెయ్యి, నువ్వుల నూనె, నూలు బట్టలు. మన వంటింటి అర మొత్తం ఆ వాక్యంలో ఉంది! మచిలీపట్నం ఉన్న మన తీరాన్ని కూడా ఆ పుస్తకం 'మసాలియా' అనే పేరుతో చెబుతుంది, అక్కడ మంచి బట్టలు నేస్తారని.

తెలుగు నేలలో నూనె తీసేవాళ్లు పెద్ద సంఘంగా ఉండేవాళ్లు. వాళ్లని తెలికులు, గాండ్లవాళ్లు అంటారు. గోదావరి ప్రాంతంలో టేకి అనే ఊళ్లో దొరికిన రాగి శాసనం 11వ శతాబ్దం చివరిది. బెజవాడలోనూ ఇతర ఊళ్లలోనూ ఉన్న తెలికి కుటుంబాలకి రాజు కొన్ని గౌరవాలు ఇచ్చినట్టు అందులో ఉంది. పెళ్లిలో వధూవరులు గుర్రం మీద ఊరేగవచ్చు అన్నది వాటిలో ఒకటి. నూనె లేకపోతే గుడిలో దీపం లేదు, ఇంట్లో వంట లేదు. ఆ పని చేసేవాళ్లకి ఆ విలువ ఉండేది.

నూనె తీసే యంత్రం పేరు గానుగ. పెద్ద రోలు లాంటి దానిలో నువ్వులు పోస్తారు, మధ్యలో బరువైన రోకలి ఉంటుంది, దానికి కాడి కట్టి ఎద్దుని చుట్టూ తిప్పుతారు. 'గానుగెద్దు' అనే మాట ఇక్కడి నుంచే. ఎంత తిరిగినా ఉన్నచోటే ఉండేవాణ్ణి గానుగెద్దు అంటారు. నూనె పోగా మిగిలిన పిండి తెలగపిండి. దాన్ని కోస్తాలో కూర వండుకుంటారు, బాలింతలకి పెడతారు. అందులో మాంసకృత్తులు ఎక్కువ.

మా ఇంట్లోనే ఈ నూనెకి రెండు పేర్లు. అమ్మ వాళ్లది పశ్చిమ గోదావరి. అక్కడ నువ్వుల నూనెని 'పప్పునూనె' అంటారు, ఎందుకంటే పొట్టు తీసిన నువ్వులు నువ్వుపప్పు. నాన్న వాళ్లది నల్గొండ. ఆయన 'మంచినూనె' అంటారు, అంటే తినే నూనె. ఆ జిల్లాలో ఒకప్పుడు ఆముదం పంట కూడా ఎక్కువ, ఆముదం కూరలో పోసుకునేది కాదు కాబట్టి ఏది 'మంచిదో' పేరులోనే చెప్పాలి. కోస్తాలో కూడా చాలా చోట్ల మంచినూనె అంటే నువ్వుల నూనే. తెలంగాణలో ఇప్పుడు మంచినూనె అంటే ఎక్కువగా పల్లినూనె. ఆ పల్లీ, అంటే వేరుశనగ, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. అయినా మన పాత పేరు దానికి అతుక్కుపోయింది. నూనెలు మారతాయి, మాట ఉండిపోతుంది.

వెన్న దేశం

ఐర్లాండ్‌లో ఆలివ్ చెట్లు తోటలుగా పెరగవు. చలి ఎక్కువ, ఎండ తక్కువ. అయినా ఆలివ్ నూనె ఇక్కడికి చాలా ముందే వచ్చింది. కార్క్ కౌంటీలో గారేన్స్ అనే పాత కోటలో 1937లో తవ్వకాలు జరిపారు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చిన మట్టి జాడీల ముక్కలు అక్కడ దొరికాయి. అవి 5, 6 శతాబ్దాలవి. అలాంటి జాడీల్లో ద్రాక్షసారా, ఆలివ్ నూనె వచ్చేవని పురావస్తు శాస్త్రజ్ఞులు అంటారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మోర్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపాడు. అక్కడ కూడా రోమన్ జాడీలు దొరికాయి. ఎక్కువ ద్రాక్షసారావే, కానీ కొన్ని ఆలివ్ నూనెవి. అంటే ఐర్లాండ్‌కీ దక్షిణ భారతానికీ ఒకే సముద్రం నుంచి ఒకే సరుకు వచ్చింది. రెండు చోట్లా అది సంపన్నులదో విదేశీయులదో అయి ఉంటుంది. మామూలు జనం తమ కొవ్వు తాము తిన్నారు: అక్కడ నువ్వుల నూనె, నెయ్యి, ఇక్కడ వెన్న.

ఐరిష్‌వాళ్లు వెన్నని ఎంత ఇష్టపడ్డారంటే, పీట్ బురద నేలలో పూడ్చి దాచుకునేవాళ్లు. వందల, వేల ఏళ్ల నాటి ఆ వెన్న ముద్దలు ఇప్పటికీ తవ్వకాల్లో దొరుకుతున్నాయి. 1770లో కార్క్‌లో వెన్న మార్కెట్ పెట్టారు. అక్కడి నుంచి ఉప్పు వేసిన వెన్న పీపాలు వెస్ట్ ఇండీస్ దాకా వెళ్లేవి. ఆ మార్కెట్ 1924లో మూతపడింది. 1962లో 'కెర్రీగోల్డ్' పేరు వచ్చింది. ఈ దేశం గొప్పగా చెప్పుకునే కొవ్వు అదే.

ఆలివ్ నూనె మాత్రం చాలాకాలం వంటింట్లో కాదు, మందుల షాపులో ఉండేది. మా వీధిలో ఒక పెద్దావిడ చెప్పారు: ఆవిడ చిన్నప్పుడు ఆలివ్ నూనె చిన్న సీసాలో కెమిస్ట్ దగ్గర కొనేవాళ్లట, చెవిలో గులిమి మెత్తబడటానికి. అది విని అమ్మ నవ్వింది. హైదరాబాద్‌లో కూడా అంతే! 'ఫిగారో' డబ్బా మందుల షాపులోనే దొరికేది, పసిపిల్లల ఒంటికి రాయడానికి. పాతబస్తీలో దాన్ని జైతూన్ నూనె అంటారు. రెండు ఊళ్లలోనూ దాన్ని తినవచ్చని చాలామందికి ఆలోచనే లేదు.

ఆలివ్ ఎలా గెలిచింది

మరి మందుల షాపు నుంచి అన్నం పళ్లెంలోకి ఎలా వచ్చింది? దానికి ఒక మనిషి ముఖ్య కారణం: అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. గుండెజబ్బులు కొన్ని దేశాల్లో ఎక్కువ, కొన్ని దేశాల్లో తక్కువ ఎందుకు ఉన్నాయని ఆయన అడిగాడు. 1958లో ఏడు దేశాల పరిశోధన మొదలుపెట్టాడు: అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీస్, జపాన్. వెన్న, పాలు ఎక్కువ తినే ఫిన్లాండ్ తూర్పు ప్రాంతంలో గుండెజబ్బు చావులు చాలా ఎక్కువ. గ్రీస్‌లోని క్రీట్ ద్వీపంలో చాలా తక్కువ. క్రీట్‌వాళ్లు కొవ్వు తక్కువేమీ తినరు, కానీ అది చాలావరకు ఆలివ్ నూనె. కీస్ తర్వాత ఇటలీలో ఆలివ్ తోటల మధ్య ఇల్లు కట్టుకున్నాడు. 2004లో, వందేళ్లు నిండాక పోయాడు.

ఆ ఏడు దేశాల్లో భారతదేశం లేదని మీరు గమనించే ఉంటారు. ఐర్లాండ్ కూడా లేదు.  నాన్న కాగితంలో నువ్వుల నూనె లేకపోవడానికి నాకు దొరికిన మొదటి జవాబు ఇదే. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. దాన్ని అంతగా కొలవలేదు, అంతే.

తర్వాత స్పెయిన్‌లో ఒక పెద్ద పరీక్ష జరిగింది. దాని పేరు 'ప్రెడిమెడ్'. గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువున్న సుమారు 7,400 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, ఒక గుంపుకి బాదం, అక్రోటు లాంటి గింజలు, మూడో గుంపుకి కొవ్వు తగ్గించుకోమని సలహా. మొదటి రెండు గుంపుల్లో గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 30 శాతం తక్కువ వచ్చాయి. ఇది 2013లో అచ్చయింది. మనుషుల్ని గుంపులుగా పంచడంలో కొన్ని చోట్ల లోపం జరిగిందని 2018లో దాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ కట్టి అచ్చేశారు. ఫలితం దాదాపు అలాగే ఉంది. గింజలు తిన్నవాళ్లకీ మేలు జరిగిందన్న మాట మాత్రం మర్చిపోకూడదు. ఆ నూనెతో పాటు వాళ్లు కూరగాయలు, పప్పులు, చేపలు కూడా తిన్నారు.

ఎక్స్‌ట్రా వర్జిన్ అంటే కాయని వేడి, రసాయనాలు లేకుండా పిండిన మొదటి రకం నూనె. అందులో ఆమ్లం 0.8 శాతం దాటకూడదు. మంచి సీసా అయితే ఆ నూనె గొంతులో కొంచెం మండుతుంది. ఆ మంటకి కారణమైన పదార్థానికి ఓలియోకాంథాల్ అని పేరు పెట్టి 2005లో అచ్చేశారు. అది ఐబుప్రొఫెన్ మాత్రలా వాపుని తగ్గించే గుణం ఉన్నది. అయితే రోజుకి 50 గ్రాముల నూనె తాగినా, అది నొప్పికి పెద్దవాళ్లు వేసుకునే మోతాదులో పదో వంతే అని వాళ్లే రాశారు. ఇది నాన్నకి చదివి వినిపించాను. మందు కాదు, తిండి.

సీసా వెనక లెక్క

ఇక సీసాల వెనక ఉన్న అంకెలు. 100 గ్రాముల ఆలివ్ నూనెలో సుమారు 14 గ్రాములు సంతృప్త కొవ్వు. నెయ్యిలా గడ్డకట్టే రకం అది, రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని పెంచేది అదే. నువ్వుల నూనెలో కూడా సుమారు 14 గ్రాములే! పల్లినూనెలో సుమారు 17. వెన్నలో 50 పైన, నెయ్యిలో 60 పైన.

తేడా మిగతా దాంట్లో ఉంది. ఆలివ్ నూనెలో సుమారు 73 గ్రాములు ఓలిక్ ఆమ్లం లాంటి ఏక అసంతృప్త కొవ్వు. నువ్వుల నూనెలో అది సుమారు 40, ఇంకో 42 గ్రాములు బహుళ అసంతృప్త కొవ్వు. రెండూ వెన్న కంటే గుండెకి మంచివే. ఆలివ్‌లో పాలీఫెనాల్స్ ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ 2012లో ఇచ్చిన నియమం ప్రకారం, 20 గ్రాముల నూనెలో వాటిలో ఒక రకం కనీసం 5 మిల్లీగ్రాములు ఉంటేనే రక్తంలో కొవ్వులకి రక్షణ అని సీసా మీద రాసుకోవచ్చు. నువ్వుల్లో సెసమిన్, సెసమోల్ లాంటివి ఉన్నాయి. నువ్వుల నూనె తొందరగా కంపు కొట్టకుండా ఉండటానికి అవే కారణం. ఆవకాయ జాడీ ఏడాది నిలవ ఉండటంలో ఉప్పు, పులుపుతో పాటు వాటికీ వాటా ఉంది.

ఒక విషయం ఒప్పుకోవాలి. నువ్వుల నూనె మీద జరిగినవి చిన్న చిన్న పరీక్షలు. ప్రెడిమెడ్ అంత పెద్దది, అన్నేళ్లు నడిచినది లేదు. కాబట్టి నువ్వుల నూనె ఆలివ్‌తో సమానం అని నేను అనను. అంకెలు చూస్తే భయపడాల్సిన నూనె కాదు అని మాత్రం అంటాను.

రెండు నూనెలకీ ఒకటే మాట వర్తిస్తుంది: ఒక టేబుల్ స్పూన్‌లో సుమారు 120 కేలరీలు. ఆలివ్ అయినా అంతే, పప్పునూనె అయినా అంతే. నాన్న సలాడ్ మీద, అన్నం మీద, రొట్టె మీద పోసుకునేది కొలిస్తే రోజుకి ఆరు స్పూన్లు. అది ఇంతకు ముందు తిన్న దాని బదులు కాదు, దాని మీద అదనం. క్రీట్‌వాళ్లు ఆలివ్ నూనెని వెన్నకి బదులుగా తిన్నారు, పొలంలో రోజంతా పని కూడా చేశారు.

ఆలివ్ కాయలు కూడా అంతే. చెట్టు మీది కాయ చేదు విషం, ఎవరూ తినలేరు. ఓలియోరోపీన్ అనే పదార్థం దానికి కారణం. అందుకే ఉప్పు నీళ్లలో ఊరవేస్తారు. అంటే అది వాళ్ల ఊరగాయ! 100 గ్రాముల పచ్చ ఆలివ్‌లలో దాదాపు 4 గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ మానేసి ఆలివ్‌లు గిన్నెడు తింటే ఉప్పు తగ్గదు.

అన్నదమ్ముల పరీక్ష

వలస వచ్చిన మనవాళ్లకి దగ్గరగా అనిపించే పరిశోధన ఒకటి ఐర్లాండ్‌దే ఉంది. ఐర్లాండ్‌లో ఉండిపోయిన మగవాళ్లనీ, బోస్టన్ వెళ్లిన వాళ్ల అన్నదమ్ములనీ, బోస్టన్‌లో ఐరిష్ తల్లిదండ్రులకి పుట్టినవాళ్లనీ పోల్చి చూశారు. మొత్తం సుమారు వెయ్యి మంది. ఇరవై ఏళ్ల తర్వాత లెక్క చూసి 1985లో అచ్చేశారు. ఏ దేశంలో ఉన్నారన్న దాన్ని బట్టి గుండెజబ్బు చావుల్లో పెద్ద తేడా లేదు. కానీ గుండెజబ్బుతో పోయినవాళ్ల తిండిలో సంతృప్త కొవ్వు, కొలెస్ట్రాల్ పాళ్లు ఎక్కువ ఉన్నాయి. ఊరు మారినా మారకపోయినా, పళ్లెంలో ఉన్నదే లెక్కకి వచ్చింది.

మనవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు మిగతావాళ్ల కంటే ఐదారేళ్లు ముందే వస్తున్నట్టు తేలింది. మా నాన్నకి యాభై మూడు. మీ ఇంట్లో ఆ వయసువాళ్లు ఉంటే దయచేసి పరీక్ష చేయించండి. నూనె సీసా మార్చడం దానికి బదులు కాదు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో కూనూర్‌లో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. వాళ్ల సలహా నాకు చాలా తెలివైనదిగా కనిపించింది: ఏదో ఒక నూనెకే కట్టుబడకుండా రకాలు మార్చి వాడండి, మొత్తం మీద తక్కువ వాడండి.

ఇవన్నీ రాసుకుని, నాన్నని చూసే డైటీషియన్‌ని అడిగాం. నువ్వుల నూనె వాడవచ్చు, కొలిచి వాడండి అన్నారు ఆవిడ. ఇప్పుడు మా ఇంట్లో రెండు సీసాలూ పొయ్యి పక్కనే ఉన్నాయి, మధ్యలో ఒక చెంచా. సలాడ్‌కి, ఉడికించిన కూరగాయలకి ఆలివ్. ఎక్స్‌ట్రా వర్జిన్‌ని బాగా కాగబెడితే దానిలోని పాలీఫెనాల్స్ కొన్ని పోతాయి కాబట్టి పచ్చిగా వేసుకోవడమే లాభం. పోపుకి, పచ్చళ్లకి పప్పునూనె. నెయ్యి పండగలకి. ఆవకాయ ఈ ఏడాది పెట్టింది అమ్మ, ఉప్పు కొంచెం తగ్గించి, చిన్న జాడీలో.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక ప్రశ్న అడగండి: మీ ఊళ్లో 'మంచినూనె' అంటే ఏ నూనె? ఊరిని బట్టి జవాబు మారుతుంది. గానుగ చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పే మాటలు ఏ నిఘంటువులోనూ అంత బాగా ఉండవు.